యాంటీసెన్స్ కొలత: ప్రైమర్ వేయని ట్యూబ్‌లోనూ బ్యాండ్ వస్తే

ఎఫ్‌జీఎఫ్-2 జన్యువుకు ఎదురు పోగు మీద తయారయ్యే యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏని కణితుల్లో కొలుద్దామని కూర్చున్నవాళ్లకు మొదటి జెల్ ఎప్పుడూ ముద్దుగానే వస్తుంది. కణితి ముక్కలో ఒక బ్యాండ్, పక్కనున్న మామూలు కణజాలంలో ఇంకో బ్యాండ్, రెండింటికీ తేడా కంటికే తెలుస్తుంది. వెంటనే ఫొటో తీసి గైడుకు పంపాలనిపిస్తుంది. పంపే ముందు ఒక్క ట్యూబ్ సంగతి చూసుకోవాలి. ఆర్‌టీ (ఎంజైమ్‌తో ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసే పని) చేసేటప్పుడు ప్రైమర్, అంటే ఆ రాతకు మొదలిచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్క, అసలు వేయని ట్యూబ్ అది. మా హనుమకొండ ల్యాబ్‌లో మొదటి విడతలో ఆ ట్యూబ్‌లోనూ అదే సైజు బ్యాండ్, దాదాపు అంతే మందంగా వచ్చింది. "అక్కా, ప్రైమరే వెయ్యలే గదా, మరి ఇదెక్కడిది?" అని జూనియర్ అడిగింది. కింద రాసిందంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగిన పనే.

ముందు జన్యువు సంగతి. ఎఫ్‌జీఎఫ్-2 అంటే ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్-2. పుండు మానడానికి, కొత్త రక్తనాళాలు మొలవడానికి కావాల్సిన ప్రోటీన్. అదుపు తప్పితే కణితికి రక్తం దారి వేసేదీ ఇదే. మనుషుల్లో ఇది నాలుగో క్రోమోజోమ్ మీద ఉంటుంది. దానికి ఎదురు పోగు మీద, తోకకు తోక తగిలేలా నడ్ట్-6 అనే ఇంకో జన్యువుంది. రెండింటినీ కణం ఎదురెదురు దిక్కుల నుంచి చదువుకుంటూ వస్తుంది, చివర్లో ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అందుకే నడ్ట్-6 ఆర్‌ఎన్‌ఏలో కొన్ని భాగాలు ఎఫ్‌జీఎఫ్-2 ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ చేయడానికి కణం చదివే ఆర్‌ఎన్‌ఏ) తోకతో అక్షరానికి అక్షరం జత కుదురుతాయి. మన వరంగల్ కొత్తవాడ దర్రీని ఏ వైపు తిప్పి పరిచినా ఒకటే బొమ్మ. డీఎన్‌ఏ అట్లా కాదు, తిప్పితే వేరే మాట చదువుతుంది.

ఈ జత మొదట కప్ప గుడ్లలో బయటపడింది. జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప అండకణాల్లో ఎఫ్‌జీఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏకు యాంటీసెన్స్ అతుక్కుని ఉంటుందనీ, అండం పక్వమయ్యేటప్పుడు ఆ రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏలో అడినోసిన్ అనే అక్షరాలు ఇనోసిన్లుగా మారిపోతాయనీ కిమెల్మన్, కిర్ష్నర్ 1989లో చూపించారు. జత పడిన ఆర్‌ఎన్‌ఏకు జరిగే వాటిలో ఇదొక్కటి. జత పడ్డది కేంద్రకంలోనే చిక్కుకుపోవచ్చు, త్వరగా ముక్కలైపోవచ్చు, లేదా తోకలో ప్రోటీన్లు కూర్చునే చోట్లు మూసుకుపోయి అనువాదం (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారీ) మారిపోవచ్చు. అసలు జతే కుదరకుండా, ఎదురెదురుగా వచ్చే రెండు పాలిమరేజ్‌లు (ఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైములు) ఒకదాన్నొకటి ఢీకొని రాత ఆగిపోవడమూ ఉంది. జెల్ ఒక్కటే వీటిని విడదీసి చెప్పలేదు: సెన్స్ (అంటే ఎఫ్‌జీఎఫ్-2 ఎంఆర్‌ఎన్‌ఏ) ఎంత, యాంటీసెన్స్ ఎంత అన్నదే కనిపిస్తుంది. ఏది నిజంగా జరిగిందో చెప్పాలంటే కొలత ముందు నమ్మదగినదై ఉండాలి.

ఇంకో మెలిక. ఎఫ్‌జీఎఫ్-2 ఎంఆర్‌ఎన్‌ఏ పొడవైన రూపం దాదాపు 6,800 బేసులుంటుంది. అందులో 5,800 దాకా ప్రోటీన్‌గా మారని తోకే. ఆ తోకలో చాలాచోట్ల పాలీ-ఏ గుర్తులు, అంటే ఆర్‌ఎన్‌ఏని ఇక్కడ కత్తిరించమనే గుర్తులు, ఉన్నాయి. కణం ముందున్న గుర్తు దగ్గరే కత్తిరిస్తే తోక పొట్టిగా మిగులుతుంది, యాంటీసెన్స్‌కు పట్టుకోవడానికి చోటుండదు. కాబట్టి "సెన్స్ ఎంత ఉంది" అని ఒక్క చోటే కొలిస్తే సగం కథ పోయినట్టే. మేం ఒక ప్రైమర్ జత ప్రోటీన్ భాగంలో, ఒకటీ రెండు ఎక్సాన్ల (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు ముక్కల) అతుకు మీద పెడతాం. రెండోది తోక చివర, యాంటీసెన్స్‌తో కలిసే చోట. ఈ రెండింటి నిష్పత్తి చూస్తే ఎంత ఎంఆర్‌ఎన్‌ఏ యాంటీసెన్స్ చేతికి చిక్కే రూపంలో ఉందో తెలుస్తుంది.

ఇక ముక్క దగ్గరికి. ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంటు సంతకం అయ్యాక, ఆపరేషన్ థియేటర్ బయటే ఆర్‌ఎన్‌ఏలేటర్ (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా ఉంచే ద్రావణం) పోసిన ట్యూబులతో నిలబడాలి. ముక్క ఏ వైపైనా అర సెంటీమీటర్ కంటే మందం ఉండొద్దు, లేకపోతే ద్రావణం లోపలికి దిగదు, మధ్యలో ఆర్‌ఎన్‌ఏ కుళ్లిపోతుంది. ద్రావణం ముక్కకు కనీసం ఐదింతలు. ఆర్‌ఎన్‌ఏలేటర్ 37 డిగ్రీల్లో ఒక రోజు ఆగుతుందని దాని కాగితం మీదే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బైక్ డిక్కీలో ఎంత వేడి ఉంటుందో వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. థర్మాకోల్ డబ్బాలో ఐసు తప్పదు. ల్యాబ్‌కు చేరాక ఒక రాత్రి 4 డిగ్రీల్లో ఉంచి, ద్రావణం వంపేసి, మైనస్ 80లోకి. సర్జన్ గారు ముక్కను అలవాటుగా ఫార్మలిన్‌లో వేస్తే ఈ పనికి పోయినట్టే. ఆ మాట ముందు రోజే నర్సు అక్కకు చెప్పి పెట్టుకోవాలి. అదే పేషెంటు రక్తం కూడా తీసుకుంటుంటే ఊదా మూత ఈడీటీఏ ట్యూబే అడగాలి. ఆకుపచ్చ మూత ట్యూబ్‌లో హెపారిన్ ఉంటుంది. అది ఆర్‌టీ ఎంజైమునూ, ఆ తర్వాత డీఎన్‌ఏని కాపీలుగా పెంచే పీసీఆర్ ఎంజైమునూ రెండింటినీ ఆపేస్తుంది. అప్పుడు రిజల్టు "తక్కువ" అని రాదు, "లేదు" అని వస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ తీయడం అందరికీ తెలిసిన ట్రైజాల్ పద్ధతే, పొడుగ్గా రాయను. 50 మిల్లీగ్రాముల ముక్కకు, అంటే ఒక కందిపప్పు బద్దంత దానికి, ఒక మిల్లీలీటర్ ట్రైజాల్. క్లోరోఫామ్ 200 మైక్రోలీటర్లు పోసి 15 సెకన్లు గట్టిగా కుదిపి, రెండు మూడు నిమిషాలాగి, 12,000 జీ దగ్గర 4 డిగ్రీల్లో 15 నిమిషాలు. పై పొర తీసేటప్పుడు ఆశ పడొద్దు. చివరి 50 మైక్రోలీటర్లు వదిలేయాలి, మధ్య పొరలో డీఎన్‌ఏ ఉంటుంది. ఎండాకాలంలో సెంట్రిఫ్యూజ్ 4 డిగ్రీలు చూపించినా రోటర్ ఇంకా వేడిగానే ఉంటుంది, గంట ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. ఫ్యాన్ కట్టేయాలి, చెమట చుక్కలో ఆర్‌నేజ్ (ఆర్‌ఎన్‌ఏని తినేసే ఎంజైమ్) ఉంటుంది కాబట్టి మోచేతి దాకా జాగ్రత్తగా ఉండాలి. ఐసోప్రొపనాల్ తర్వాత "మేడం, పెల్లెట్ కనవడ్తలేదు" అనే మాట వినిపిస్తే కంగారు వద్దు. చిన్న ముక్కల్లో అది ట్యూబ్ గోడకు గాజు పొరలా అంటుకుని ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో మూత మడత బయటి వైపుకు పెట్టే అలవాటుంటే ఎటు వెతకాలో తెలుస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ 260, 280 నానోమీటర్ల కాంతిని పీల్చుకునే నిష్పత్తి 2 దగ్గర ఉంటే చాలామంది సంతోషపడిపోతారు. 230 సంగతి చూడరు. 260కి 230 నిష్పత్తి 1.5 కంటే కిందికి దిగితే ట్రైజాల్‌లోని గ్వానిడిన్ మిగిలిందని అర్థం, 75 శాతం ఇథనాల్‌తో ఇంకోసారి కడిగితే సరిపోతుంది. జెల్ మీద రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలైన రెండింటిలో 28ఎస్ పట్టీ 18ఎస్ కంటే రెట్టింపు మందంగా ఉండాలి. తోక చివర కొలిచే పని కాబట్టి ముక్కలైన ఆర్‌ఎన్‌ఏతో మొదలుపెడితే ప్రోటీన్ భాగానికీ తోకకూ నిష్పత్తి అబద్ధమవుతుంది.

డీనేజ్ (డీఎన్‌ఏని తినేసే ఎంజైమ్) ఇక్కడ మర్యాద కోసం వేసేది కాదు. రెండు జన్యువులు కలిసే చోట మేం కొలిచే ముక్క ఒకే ఎక్సాన్‌లో ఉంటుంది, మధ్యలో ఇంట్రాన్ (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి తీసేసే ముక్క) లేదు. అంటే మిగిలిన డీఎన్‌ఏ నుంచి వచ్చే బ్యాండ్‌కూ ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చే బ్యాండ్‌కూ సైజులో తేడా ఉండదు. మైక్రోగ్రామ్ ఆర్‌ఎన్‌ఏకు ఒక యూనిట్ డీనేజ్, 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, తర్వాత 5 మిల్లీమోలార్ అయ్యేలా ఈడీటీఏ వేసి 65 డిగ్రీల్లో 10 నిమిషాలు. ఈడీటీఏ మరిచిపోయి వేడి చేస్తే మెగ్నీషియం ఆర్‌ఎన్‌ఏని తెగ్గొడుతుంది. ఆర్‌టీ ఎంజైమ్ వేయని ట్యూబ్ ఖాళీగా వస్తే డీఎన్‌ఏ పోయినట్టే.

మా ఆర్‌టీ లేని ట్యూబ్ ఖాళీగానే వచ్చింది. అయినా ప్రైమర్ లేని ట్యూబ్‌లో బ్యాండ్ ఉంది. అంటే అది కణం డీఎన్‌ఏ కాదు, ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్‌టీ రాసిన డీఎన్‌ఏ, అంటే సీడీఎన్‌ఏనే. ప్రైమర్ లేకుండా తయారైన సీడీఎన్‌ఏ.

ఎలాగంటే, ఆర్‌ఎన్‌ఏ తన 3 ప్రైమ్ (చివరి) కొనను తనమీదికే మడుచుకుని ప్రైమర్‌లా వాడుకుంటుంది. ట్రైజాల్‌లో వచ్చే చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ ముక్కలు కూడా ఎక్కడో అతుక్కుని అదే పని చేస్తాయి. దీంతో "యాంటీసెన్స్ కోసం" వేసిన ట్యూబ్‌లో సెన్స్ ఆర్‌ఎన్‌ఏ నుంచి కూడా సీడీఎన్‌ఏ పుడుతుంది. ఆ తర్వాత పీసీఆర్‌లో రెండు ప్రైమర్లూ ఉంటాయి కాబట్టి ఏ పోగు నుంచి వచ్చిందో దానికి పట్టదు, అన్నింటినీ పెంచేస్తుంది. సెన్స్ ఎక్కువున్న కణితిలో "యాంటీసెన్స్" కూడా ఎక్కువ కనిపిస్తుంది. రెండూ కలిసి పెరుగుతున్నాయని రాసేస్తాం. కలిసి పెరిగింది నిజానికి ఒకటే.

దీనికి మందు ట్యాగ్ కట్టిన ప్రైమర్. ఆర్‌టీ ప్రైమర్‌కు 5 ప్రైమ్ (మొదటి) వైపు మనిషి జీనోమ్‌లో ఎక్కడా లేని 18 నుంచి 20 బేసుల ట్యాగ్ తగిలిస్తాం. పీసీఆర్‌లో ఒక ప్రైమర్ ఆ ట్యాగ్‌దే, రెండోది జన్యువుది. తనంతట తాను పుట్టిన సీడీఎన్‌ఏకు ట్యాగ్ ఉండదు, పెరగదు. ఇక్కడ దిక్కులు తారుమారు చేయడం చాలా తేలిక. ఎఫ్‌జీఎఫ్-2 ఎంఆర్‌ఎన్‌ఏని పట్టాలంటే దానికి ఎదురు అక్షరాలున్న ప్రైమర్, అంటే మామూలుగా రివర్స్ అనేది వేయాలి. యాంటీసెన్స్‌ని పట్టాలంటే ఎంఆర్‌ఎన్‌ఏ అక్షరాలే ఉన్న ఫార్వర్డ్ వేయాలి. "యాంటీసెన్స్ ప్రైమర్" అని మూత మీద రాస్తే అది యాంటీసెన్స్ దిక్కుదా, యాంటీసెన్స్‌ని పట్టేదా అని ఆరు నెలల తర్వాత ఎవరూ చెప్పలేరు. మేం "ఎఫ్‌జీఎఫ్‌ని పట్టేది", "నడ్ట్‌ని పట్టేది" అని తెలుగులోనే రాస్తాం.

మా ఆర్‌టీ లెక్క ఇది. ట్యూబ్‌కు 500 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ, 2 పికోమోల్ ట్యాగ్ ప్రైమర్, నీళ్లు. బఫర్ వేయకముందే 90 డిగ్రీల్లో 2 నిమిషాలు, ఎందుకంటే సెన్స్, యాంటీసెన్స్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటే 65 డిగ్రీలకు విడిపోవు. మెగ్నీషియం లేనప్పుడు ఆ కాస్త వేడి ఆర్‌ఎన్‌ఏ తట్టుకుంటుంది. తర్వాత ఐసు మీద పెట్టమని ప్రతి కిట్ కాగితం చెబుతుంది. ఈ పనికి పెట్టొద్దు. చల్లబడితే అడ్డదిడ్డంగా అతుకులు పడేది అప్పుడే. ముందే 55 డిగ్రీలకు వేడెక్కించిన బఫర్, ఎంజైమ్ మిశ్రమం మెషీన్‌లోనే కలపాలి. వేడికి ఆగే రకం ఎంజైమ్ 200 యూనిట్లు, మొత్తం 20 మైక్రోలీటర్లు, 55 డిగ్రీల్లో 45 నిమిషాలు. అందులో యాక్టినోమైసిన్-డీ మిల్లీలీటర్‌కు సుమారు 6 మైక్రోగ్రాములు వేస్తాం. ఆర్‌టీ ఎంజైమ్ అప్పుడే చేసిన సీడీఎన్‌ఏ మీద మళ్లీ రెండో పోగు రాసి దొంగ యాంటీసెన్స్ పుట్టిస్తుంది, దాన్ని ఇది ఆపుతుంది. వెలుతురు తగలొద్దు, విషం కూడా, గ్లౌజులు రెండు జతలు. చివర 85 డిగ్రీల్లో 5 నిమిషాలు పెట్టి ఎంజైమ్‌ను చంపేయాలి. మధ్యలో కరెంటు పోతే ఆ ప్లేటు పారేయడమే. మెషీన్ మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టినా ఆ చల్లబడ్డ పది నిమిషాల్లో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. థర్మల్ సైక్లర్‌ను యూపీఎస్ మీద పెట్టుకున్నాకే మా అంకెలు నిలకడకొచ్చాయి.

ట్యాగ్ పెట్టాం కదా అని ఊరుకుంటే ఇంకో గుంట ఉంది. మిగిలిపోయిన ట్యాగ్ ప్రైమర్ పీసీఆర్‌లోకి జారితే, అక్కడ దొంగ సీడీఎన్‌ఏకే అతుక్కుని దానికీ ట్యాగ్ తగిలిస్తుంది. అందుకని సీడీఎన్‌ఏని సిలికా కాలమ్‌లో కడగాలి. ఒక్కో కాలమ్ ఖర్చు చూసి మొదట్లో మానేస్తారు, తర్వాత రీఏజెంట్లకు అంతకు మూడింతలు తగలేస్తారు.

ఒక్కో శాంపిల్‌కు నాలుగు ట్యూబులు: ఎఫ్‌జీఎఫ్‌ని పట్టేది, నడ్ట్‌ని పట్టేది, ప్రైమర్ లేనిది, ఎంజైమ్ లేనిది. క్యూపీసీఆర్‌లో (సైకిల్‌కోసారి డీఎన్‌ఏ రెట్టింపవుతుంటే కొలిచే పీసీఆర్‌లో) ప్రైమర్ లేని ట్యూబ్ అసలు దానికంటే కనీసం 7 సైకిళ్లు వెనకబడాలని మా నియమం. 7 సైకిళ్లంటే 128వ వంతు, ఒక శాతం లోపు. 5 సైకిళ్లే తేడా ఉంటే 32వ వంతు, అంటే మూడు శాతం చెత్త. సెన్స్ యాంటీసెన్స్ కంటే యాభై రెట్లు ఉన్న శాంపిల్‌లో సెన్స్ నుంచి జారే మూడు శాతమే యాంటీసెన్స్‌ని మింగేస్తుంది.

ఎన్ని కాపీలుంటే ఏ సైకిల్‌కు కనిపిస్తుందో చెప్పే స్టాండర్డ్ గ్రాఫ్ కోసం, ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్‌ఏ) నుంచి టీ7 అనే ఆర్‌ఎన్‌ఏ రాసే ఎంజైమ్‌తో ఆర్‌ఎన్‌ఏ చేసుకుంటాం. వెయ్యి బేసుల ఆర్‌ఎన్‌ఏ ఒక మైక్రోగ్రామ్‌లో సుమారు 1.77 లక్షల కోట్ల కాపీలుంటాయి. దాన్ని పది రెట్ల మెట్లుగా పలచన చేస్తూ పోవాలి, గ్రాఫ్ వాలు మైనస్ 3.1కీ మైనస్ 3.6కీ మధ్య రావాలి. ఇక్కడా ఒక దొంగ ఉన్నాడు. ప్లాస్మిడ్‌ను కెపీఎన్-1, పీఎస్‌టీ-1 లాంటి 3 ప్రైమ్ కొన వేలాడే ఎంజైమ్‌తో కోస్తే, టీ7 ఆ కొన మీద నుంచి వెనక్కి తిరిగి ఎదురు పోగు కూడా రాస్తుంది. స్వచ్ఛమైన సెన్స్ అనుకున్న స్టాండర్డ్‌లోనే యాంటీసెన్స్ కలిసి ఉంటుంది. 5 ప్రైమ్ కొన వేలాడే ఎంజైమ్‌తో కోయాలి, తర్వాత ఆ స్టాండర్డ్‌ను కూడా రెండో దిక్కు ప్రైమర్‌తో పరీక్షించాలి.

ఎవరూ చెప్పని విచిత్రం ఇన్-సిటూలో, అంటే కణజాలం స్లైడు మీదే ఆర్‌ఎన్‌ఏని వెతికే పద్ధతిలో, ఉంది. కణితిలో ఫైబ్రోబ్లాస్టులూ ఎఫ్‌జీఎఫ్-2 చేస్తాయి, రుబ్బేసిన ముక్కలో అది క్యాన్సర్ కణానిదో చుట్టుపక్కల కణానిదో తెలియదు. అందుకని 5 మైక్రాన్ల స్లైడు మీద డిగాక్సిజెనిన్ ప్రోబ్‌తో (గుర్తు కట్టిన ఆర్‌ఎన్‌ఏ ముక్కతో) వెతుకుతాం. ఎంఆర్‌ఎన్‌ఏకు అతుక్కునేది యాంటీసెన్స్ ప్రోబ్. అదే ముక్క తిప్పి చేసిన సెన్స్ ప్రోబ్ నెగటివ్ కంట్రోల్, అది తెల్లగా రావాలి. పాఠం ఇదే, ప్రతి జన్యువుకూ ఇదే చేస్తారు. ఎఫ్‌జీఎఫ్-2 తోక భాగంతో చేస్తే ఆ "నెగటివ్" స్లైడు మీదే ఊదా నీలం రంగు తేలుతుంది. చూసినవాళ్లు ప్రోటీనేజ్ ఎక్కువైందనో, కడగడం తక్కువైందనో అనుకుని 0.2 ఎస్‌ఎస్‌సీ ఉప్పు ద్రావణంతో మళ్లీ మళ్లీ కడుగుతారు. తప్పు కడగడంలో లేదు. సెన్స్ ప్రోబ్ అతుక్కున్నది నిజంగా అక్కడున్న నడ్ట్-6 ఆర్‌ఎన్‌ఏకే. నెగటివ్‌గా పారేసిన స్లైడే మనం వెతుకుతున్నది. అసలు కంట్రోల్‌గా ప్రోబ్‌కు ముందే ఆర్‌నేజ్-ఏతో తినిపించిన స్లైడు పెట్టాలి, ఇంకోటి రెండు జన్యువులూ కలవని చోటి సెన్స్ ప్రోబ్.

ఇవన్నీ నిలబడ్డాక "యాంటీసెన్స్ ఎక్కువున్న చోట ఎఫ్‌జీఎఫ్-2 తక్కువ" అని గ్రాఫ్ వస్తుంది. దాంతోనే "అదుపు చేస్తోంది" అని రాయడం తొందర. రెండింటినీ మూడోదేదో నడిపిస్తుండొచ్చు. యాంటీసెన్స్‌ని తగ్గించి చూడాలి. ఇందుకు ఎస్ఐఆర్‌ఎన్‌ఏని (జత కుదిరిన ఆర్‌ఎన్‌ఏని కోయించే చిన్న ముక్కని) కలిసే భాగం నుంచి ఎంచుకుంటే కొంప మునుగుతుంది. దానికి రెండు పోగులుంటాయి, ఒకటి నడ్ట్‌ని కోస్తే రెండోది ఎఫ్‌జీఎఫ్‌నే కోస్తుంది. నడ్ట్-6కు మాత్రమే చెందిన ఎక్సాన్ నుంచి తీసుకోవాలి, లేదా ఒంటి పోగు గ్యాప్‌మర్ వాడాలి. గ్యాప్‌మర్ తాను అతుక్కున్న ఆర్‌ఎన్‌ఏని ఆర్‌నేజ్-హెచ్ అనే ఎంజైమ్‌తో కోయిస్తుంది, కేంద్రకంలో కూడా. ఆర్‌ఎన్‌ఏని 48 గంటలకు, ప్రోటీన్‌ను 72 గంటలకు చూస్తాం.

వెస్టర్న్‌లో (ప్రోటీన్లను సైజు వారీగా చూసే పరీక్షలో) ఎఫ్‌జీఎఫ్-2 ఒక్క బ్యాండ్ కాదు. ఏయూజీ (ప్రోటీన్ రాత మొదలయ్యే మామూలు గుర్తు) దగ్గర మొదలైన 18 కిలోడాల్టన్లది, దానికి ముందున్న సీయూజీల దగ్గర మొదలైన 22, 22.5, 24 కిలోడాల్టన్లవి వస్తాయి. పెద్దవి కేంద్రకంలో ఉంటాయి. 18ది బయటికి వెళ్లి హెపారాన్ సల్ఫేట్‌కు అతుక్కుంటుంది, అందుకని కణాలను 2 మోలార్ ఉప్పు నీళ్లతో కడిగి ఆ కడిగిన నీళ్లను కూడా పరీక్షించాలి. లైసేట్ ఒక్కటే చూస్తే సగం ప్రోటీన్ వాష్‌బేసిన్‌లోకి పోయినట్టే.

ఒక్క చిక్కు మిగులుతుంది. నడ్ట్-6 ఊరికే యాంటీసెన్స్ కాదు, సొంతంగా ఒక ప్రోటీన్ చేస్తుంది. దాన్ని తగ్గించాక ఎఫ్‌జీఎఫ్-2 పెరిగితే, ఆర్‌ఎన్‌ఏ జత విడిపోవడం వల్లా, ఆ ప్రోటీన్ పోవడం వల్లా? కలిసే తోక లేకుండా ప్రోటీన్ భాగం మాత్రమే ఉన్న ప్లాస్మిడ్‌ను తిరిగి కణాల్లో పెడతాం. దాన్ని గ్యాప్‌మర్ పట్టుకోకుండా గురి పెట్టిన చోట అక్షరాలు మార్చి ఉంచుతాం. అప్పుడూ ఎఫ్‌జీఎఫ్-2 తగ్గకుండా పెరిగే ఉంటే పని ఆర్‌ఎన్‌ఏది. తగ్గిందంటే పని ప్రోటీన్‌ది, అప్పుడు రాసిన పేపర్ శీర్షిక మార్చుకోవాల్సిందే.